మేస్త్రీ గారు చేసిన ఒకే ఒక్క రైఫిలు

పోయిన మంగళవారం ఉదయం నేను ఆఫీసు తాళం తీస్తుంటే మేస్త్రీ గారి అల్లుడు మెట్లెక్కి వచ్చాడు.

"మామయ్య పోయారండి. తెల్లారి నమాజుకి లేపుదామని వెళ్ళాను. లేవలేదు" అన్నాడు.

అలవాటు కొద్దీ ఎన్నింటికని అడిగాను.

"ఎప్పుడు పోయారో తెలీదండి. నేను చూసేటప్పటికి అయిదు" అన్నాడు. కింద కొట్టు తాళంచెవి నా బల్ల మీద పెట్టాడు. "ఇది మీ దగ్గర ఉంచమని అత్తయ్య చెప్పింది. లోపల జనం తుపాకులున్నాయి కదా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం నాలుగు వాక్యాల వార్త రాసి పంపాను. గుంటూరులో చాలా ఏళ్ళుగా తుపాకులు బాగుచేస్తున్న మేస్త్రీ కన్నుమూశారని మొదటిది. వయసు డెబ్భై దాటిందని, ఇద్దరు కూతుళ్ళున్నారని రెండోది. ఖననం అదే సాయంత్రం జరిగిందని మూడోది. పోటీల కోసం ఆయన తన చేత్తో ఒక రైఫిలు తయారు చేశారన్నది నాలుగోది. మర్నాడు పేపరులో మూడు వాక్యాలే వచ్చాయి. చోటు చాలక నాలుగోది తీసేశారు. అందులో డెస్కువాళ్ళ తప్పేమీ లేదు. అక్కడ నేనున్నా చివరి వాక్యమే తీసేవాణ్ణి.

ఇది ఆ నాలుగో వాక్యం గురించి.

మా పేపరు ఆఫీసు ఆయన కొట్టు పైన ఉన్న ఒక్క గది. పదకొండేళ్ళు ఆయన ఆకురాయి చప్పుడు వింటూ వార్తలు రాశాను. పొద్దున తొమ్మిదికి మొదలయ్యేది. మధ్యాహ్నం నమాజుకి ఒకసారి, అన్నానికి ఒకసారి ఆగేది. మాఘం దాటాక మిరపకాయల బళ్ళు సందులోంచి యార్డుకి వెళ్ళే రోజుల్లో ఆకురాయి చప్పుడుతో పాటు తుమ్ములు కూడా వినిపించేవి. ఆ రెండు నెలలు ఆయన సన్నపని పెట్టుకునేవారు కాదు. "తుమ్ము వచ్చినప్పుడు చెయ్యి నా మాట వినదు" అనేవారు.

చిన్నప్పుడు పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేరారట. యుద్ధం రోజుల్లో సైన్యం వర్క్‌షాపులో తుపాకుల పని నేర్చుకున్నారు. తిరిగొచ్చి లైసెన్సు తీసుకుని కొట్టు పెట్టారు. ఆయన దగ్గరికి వచ్చేవి ఎక్కువగా రైతుల తుపాకులే. జొన్న మీద వాలే పిట్టల్నీ, తోటల్లో పడే పందుల్నీ తోలడానికి వాడేవి. చాలావాటికి నూనె ఎరిగిన జాడ కూడా ఉండేది కాదు.

"ఏరా, దీంతో పందుల్ని కొడుతున్నావా, కందకాలు తవ్వుతున్నావా?" అని ఒకసారి ఒక రైతును అడగడం విన్నాను.

"తవ్వలేదు మేస్త్రీ, గడ్డివాములో పెట్టా. దొంగలెత్తుకుపోతారని."

"దొంగ నయం. ఎత్తుకెళ్ళి తుడుచుకునేవాడు."

ఆయన పనిలో ఒక పద్ధతి నాకు తెలియడానికి నాలుగేళ్ళు పట్టింది. కొందరు రైతులు తుపాకి ఇచ్చి వారంలో కావాలని తొందరపెట్టేవారు. వాళ్ళలో కొందరికి మేస్త్రీ గారు "స్ప్రింగు విరిగింది, మద్రాసు నుంచి రావాలి" అని చెప్పేవారు. నెలలు గడిచేవి. స్ప్రింగు వచ్చేది కాదు. ఒకరోజు సొరుగు తెరిచి ఉంటే చూశాను. స్ప్రింగులు డజనుకి తక్కువ లేవు. అడిగాను.

"అతనికీ అన్నకీ గట్టు తగాదా నడుస్తోంది పేపరు గారూ. కోర్టులో ఏదో ఒకటి తేలనివ్వండి, మద్రాసు నుంచి పార్సిలు వస్తుంది" అన్నారు.

నన్ను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. మొదటిరోజు నుంచి పేపరు గారినే.

ఇక రైఫిలు సంగతి. మా ఊళ్ళో రైఫిల్ క్లబ్బు ఉండేది. ఊరి బయట ఒక మట్టిగట్టు, రెండు పాత రైఫిళ్ళు, ఇరవై మంది సభ్యులు. వార్త కోసం వెళ్ళి నేనూ సభ్యుణ్ణయ్యాను. నా గురి గురించి చెప్పుకోవడానికేమీ లేదు. అక్కడ అందరికంటే బాగా కొట్టేది మిషన్ బడిలో లెక్కలు చెప్పే టీచరు. నలభైకి దగ్గర పడిన మనిషి. బడిలో ఆడపిల్లల చేత కవాతు చేయించే బాధ్యత కూడా ఆమెదే కావడంతో ఆ శిక్షణలో మొదటిసారి రైఫిలు పట్టారట. ఆదివారం చర్చి అయ్యాక తెల్ల నేతచీరతోనే వచ్చి, గోనెపట్టా పరుచుకుని, బోర్లా పడుకుని కొట్టేవారు.

రాష్ట్ర జట్టుకి ఇద్దరు ఆడవాళ్ళను తీసుకుంటారని, ఎంపిక హైదరాబాదులో జరుగుతుందని కబురు వచ్చింది. క్లబ్బు రైఫిళ్ళు అరిగిపోయాయి. వాటితో వెళ్ళినా లాభం లేదు. వచ్చే ఏడు చూద్దామంటే ఆమెకి వచ్చే ఏడు లేదు. జూన్ నుంచి వేరే ఊళ్ళో హాస్టలున్న బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా వెళ్ళాలి. అక్కడ క్లబ్బూ ఉండదు, సెలవూ దొరకదు.

నేనే ఆమెను కొట్టుకి తీసుకొచ్చాను. "నాకు ఈ ఒక్కసారేనండి" అని ఆమె అన్నది నాకు గుర్తు. అన్నేళ్ళలో మేస్త్రీ గారు ఇతరులు చేసిన తుపాకులు బాగుచేశారు తప్ప సొంతంగా ఒకటి కట్టలేదు. కట్టమని అడిగినవాళ్ళు లేరు.

"యాక్షన్ దొరికితే చేద్దాం" అన్నారు చివరికి.

తుపాకుల పరిచయం లేని పాఠకుల కోసం ఒక మాట. రైఫిలుకి ముందు గొట్టం, వెనక కర్ర, ఆ రెంటి మధ్య ఒక ఇనుప పెట్టె ఉంటాయి. తూటాను లోపల ఉంచి వెనక నుంచి మూసిపట్టేది, ట్రిగ్గరు నొక్కగానే పేల్చేది ఆ పెట్టే. దాన్నే యాక్షన్ అంటారు. "గొట్టం కొనుక్కోవచ్చు, కర్ర చెక్కుకోవచ్చు. యాక్షన్‌ని మాత్రం ఎంచుకోవాలి" అనేవారు మేస్త్రీ గారు. అవి కొత్తవి దొరకని రోజులు. విదేశాల నుంచి తెప్పించాలంటే అనుమతి రాదు. లైసెన్సుదారులు వదిలేసిన పాత తుపాకుల్లోంచి ఏరుకోవాలి. గొట్టం మాత్రం మద్రాసులో ఒక డీలరు దగ్గర పాత సరుకులో వాడనిది ఒకటే ఒకటి దొరికింది.

ఒక శుక్రవారం ఆయన గోనెసంచి మీద మూడు యాక్షన్లు పరిచి మా ఇద్దరినీ పిలిచారు.

మొదటిది సైన్యం రకం బోల్టు. బోల్టును తలుపు గడియలా తిప్పి మూస్తే దాన్ని పట్టుకునే చెవులు బాగా వెనక ఉన్నాయి. కింద తూటాల డబ్బా కోసం పెద్ద కంత. "పొలానికి దీన్ని మించింది లేదు. బురదలో పడేసినా పేలుతుంది. కానీ కాగితం మీద గురికి ఇది పనికిరాదు. తలుపుకి గడియ ఎక్కడో వెనక పెడితే ముందు రెక్క కొట్టుకుంటుంది చూడండి, అలా" అని పక్కకి జరిపారు.

రెండోది ఎవరో ఎస్టేటువారు అమ్మేసిన వేట తుపాకిది. అదీ బోల్టే, కానీ చెవులు ముందువైపు ఉన్నాయి. పెట్టె దిట్టంగా ఉంది. దాని మీద తీగలు, ఆకులు, ఒక పక్క జింక చెక్కి ఉన్నాయి.

మూడోది అద్దంకి దగ్గర ఒక మునసబు గారి పిట్టల తుపాకిది. దీనికి బోల్టు లేదు. చేతి కింద ఒక మీట ఉంది. మీట కిందికి లాగితే లోపలి ఇనుప దిమ్మ తల వంచుతుంది. తూటా పెట్టి మీట పైకి నొక్కితే దిమ్మ లేచి మూసుకుంటుంది. పైన తుప్పు, పక్కన ఎప్పటిదో సున్నం మరక.

"ఇది మంచి జాతిదే. ట్రిగ్గరు నొక్కాక పేలడానికి తీసుకునే సమయం దీనికి తక్కువ. కానీ పిన్నులు అరిగాయి. ఇంతకాలం కాకుల మీద బతికింది. దీన్ని హైదరాబాదు పంపిస్తే నవ్వుతారు" అన్నారు మేస్త్రీ గారు.

నా ఓటు రెండోదానికి వేశాను. "దీని మీద జింక కూడా ఉంది" అన్నాను.

"జింక గురి కొట్టదు పేపరు గారూ. మసి ఏమంటుందో చూద్దాం."

ఆయన పరీక్ష ఇది. కిరసనాయిలు బుడ్డి మంట మీద బోల్టు చెవులు పట్టి, నల్లగా మసి పట్టించారు. బోల్టును పెట్టెలోకి తోసి మూసి, మళ్ళీ తీశారు. ఇనుముకి ఇనుము ఎక్కడ ఆనుకుందో అక్కడ మసి చెరిగిపోతుంది. రెండు చెవుల మీదా చెరుపు సమానంగా ఉంటే యాక్షన్ తూటాను తిన్నగా పట్టుకుంటుందన్నమాట. రెండోదానికి చెరుపు ఇంచుమించు సమానంగా వచ్చింది. "నన్ను అడగొద్దు, మసిని అడగండి" అని ఆయన ఎవరు ఏ తుపాకి గురించి అడిగినా చెప్పేవారు. ఆ రోజు మసి ఒప్పుకుంది. టీచరు గారి లైసెన్సు మీద ఆ యాక్షన్ నంబరు వేయించి కలెక్టరాఫీసు నుంచి కాగితం తెచ్చాను. పని మొదలైంది.

ఆ పనిలో మూడు నెలలు గడిచాయి. బోల్టులో తూటాను కొట్టి పేల్చే సూది బరువు తగ్గించారు. ట్రిగ్గరు నొక్కిన తర్వాత కూడా మనిషి కదులుతూనే ఉంటాడని, ఆ కాస్త వ్యవధిలోనే గురి పోతుందని చెప్పేవారు. "మీరు నొక్కేశాననుకుంటారు టీచరమ్మ గారూ. గుండె ఆగుతుందా? అది ఇంకో దెబ్బ కొట్టేస్తుంది. ఆలోగా గుండు బయటపడాలి." కర్ర కొలతలకి ఆమె బోర్లా పడుకోవాల్సి వచ్చినప్పుడు, సందులో జనం చూస్తారని ఆమె మొహమాటపడితే తన దుప్పటి తెచ్చి తలుపుకి అడ్డం కట్టారు. కుడి భుజం, కుడి దవడ, కుడి మోచెయ్యి, అన్నీ తాడుతో కొలుచుకున్నారు.

ఒక్క చిక్కు తేలలేదు. గురి చూసేటప్పుడు ఆమె తల బాగా కుడికి వంచేసేవారు. మెడ పట్టేసేది. ఎడమ కన్ను మూయడం కష్టంగా ఉందని దాని మీద రుమాలు కట్టుకునేవారు. మేస్త్రీ గారు కర్రని దవడ దగ్గర కాస్త చెక్కారు. మళ్ళీ కాస్త. ఇంకాస్త.

"తల ఎందుకమ్మా అంత వంచుతారు?"

"నాకలా అలవాటండి."

ఆయన మళ్ళీ చిత్రిక పట్టారు. నేను అక్కడే బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాను.

ఎంపికకి అయిదు వారాలుందనగా ఒక సాయంత్రం ఆమె బడి నుంచి వచ్చారు. ఆ రోజు గొట్టం విడిగా ఉంది. మేస్త్రీ గారు మిల్లు నుంచి తెచ్చుకునే శుభ్రమైన దూదితో దాన్ని తుడిచి, "చూడండి, అద్దం" అని ఆమె చేతికిచ్చారు. ఆమె గొట్టం పైకెత్తి, వీధి వెలుతురుకి పెట్టి, లోపలికి చూశారు.

"ఎంత బాగుందండీ! మెలికలు మెలికలుగా..." అంటున్నారు.

మేస్త్రీ గారు ఆకురాయి కింద పెట్టేశారు. ఆయన ఎటు చూస్తున్నారో నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె గొట్టానికి ఆనించింది ఎడమ కన్ను. కుడి కన్ను హాయిగా మూసుకునుంది.

ఆమె గొట్టం బల్ల మీద పెట్టాక ఆయన చేతిలోని దూది ఉండ చేసి, "టీచరమ్మ గారూ, పట్టుకోండి!" అని విసిరారు. ఎడమ చెయ్యి లేచి పట్టుకుంది.

"సూదిలో దారం ఏ చేత్తో ఎక్కిస్తారు?"

ఆమె ముఖం ఎర్రబడింది. దూది పట్టుకున్న చెయ్యి కొంగు కిందికి పోయింది. "మీరు నవ్వకూడదు" అన్నారు.

"నేనెందుకు నవ్వుతానమ్మా. తుపాకి కోసం అడుగుతున్నా."

అప్పుడు చెప్పారు. చిన్నప్పుడు తల్లి ఎడమ చేతికి వేపనూనె పూసేది. బోర్డింగులో చేరాక మేట్రన్ ఆ చేతిని గుడ్డతో నడుముకి కట్టేసి అన్నం తినిపించేది, కట్టేసే పలకా బలపం ఇచ్చేది. రెండేళ్ళకి కుడిచెయ్యి నేర్చుకుంది. "బోర్డు మీద కుడిచేత్తోనే రాస్తానండి. పిల్లలకి తెలీదు. నలుగురిలో ఈ చెయ్యి లేస్తే పుర్రచెయ్యి అంటారు కదా. తుపాకీ అలాగే నేర్చుకున్నాను."

"తుపాకి అన్నం కాదు టీచరమ్మ గారూ" అన్నారు మేస్త్రీ గారు.

తర్వాత నా వైపు తిరిగారు. "పేపరు గారూ, మీరు రోజుకి పదిమందిని ప్రశ్నలడిగి రాస్తారు. ఆవిడ కంటికి రుమాలెందుకని ఎప్పుడైనా అడిగారా?"

"లేదు."

"నేనూ అడగలేదు. మూడు నెలలు ఇనుముకి మసి పూసి పూసి చూశాను. మనిషిని చూడలేదు. మేస్త్రీనట, మేస్త్రీని!"

మన ఊళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. అన్నం తినే మనిషి కుడిచేతి మనిషే అనుకుంటాం. క్లబ్బులో ఆమెకు నేర్పినవాళ్ళూ అలాగే అనుకున్నారు.

ఆయన గోనెసంచి కింద నుంచి మునసబు గారి తుపాకి యాక్షన్ తీశారు. బోల్టు పిడి కుడివైపు ఉంటుంది. ఎడమ భుజానికి ఆనించి కొట్టే మనిషి ప్రతి గుండుకీ చెయ్యి తీసి, అటు చాచి, బోల్టు లాగి, మళ్ళీ మొదటి నుంచీ కుదురుకోవాలి. చేతి కింద మీటకి కుడీ ఎడమా లేవు.

"వద్దండీ" అన్నారు టీచరు గారు. "ఇన్నాళ్ళూ కుడివైపే కొట్టాను కదా. అయిదు వారాలే ఉంది. ఇప్పుడు మొత్తం విప్పేస్తే రెంటికీ చెడిపోతాను."

"ఇన్నాళ్ళూ అరకొర కంటితో కొట్టి జిల్లాలో మొదట నిలిచారు. అసలు కంటితో ఒక్కసారి చూద్దురుగాని."

"నలుగురిలోనా?"

ఆయన జింక బొమ్మ ఉన్న యాక్షన్ గుడ్డలో చుట్టి నాకిచ్చారు, అమ్మినవారికి తిరిగి పంపమని.

కలెక్టరాఫీసులో గుమాస్తా నా దరఖాస్తు చూసి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. "ఏమండీ, మొన్నొక నంబరు, ఇప్పుడొక నంబరు. ఇవేమన్నా పిల్లల్ని పెడుతున్నాయా?" అన్నాడు. నాలుగుసార్లు తిరిగాక కాగితం చేతికొచ్చింది. ఈ రైఫిలు విషయంలో నేను చేసిన పని అదొక్కటే.

ఆయన చేసినవి చూసినంతవరకు రాస్తాను. అరిగిన పిన్నుల స్థానంలో కొత్తవి, మిల్లువాళ్ళు పారేసిన ఉక్కు కడ్డీతో చేశారు. పోటీల్లో వాడే చిన్న తూటాకి మందు అంచులో ఉంటుంది. పాత సూది నడిమధ్య కొట్టేది. ఆ కన్నం పూడ్చి, వడ్లగింజ ఎడంలో ఇంకొకటి తొలిచారు. దిమ్మకి మసి పట్టించడం, మూయడం, తీయడం, చెరుపు చూడటం, ఒక్క గీత గీయడం. మళ్ళీ మసి. అలా నాలుగు రోజులు. వేళ్ళు నల్లబడి, టీ గ్లాసు మీద, నా పేపరు మీద కూడా ఆయన ముద్రలు పడ్డాయి.

గొట్టాన్ని యాక్షన్‌లో బిగించే మర అసలు గండం. రెండో యాక్షన్ కోసం కోసిన మర దీనికి పట్టదు. చివర తెగ్గోసి కొత్త మర కోయాలి. తప్పితే ఇంకో గొట్టం లేదు. జిన్నింగు మిల్లువాళ్ళు ఆదివారం మిల్లు ఆపినప్పుడు తమ లేతు వాడుకోనిస్తామన్నారు. మిగతా రోజుల్లో యంత్రాల అదురుకి నేల నిలవదు. ఆ ఆదివారం నేనూ వెళ్ళాను. దూలాల మీద పత్తి నూగు వేలాడుతోంది. ఆయన నన్ను గుమ్మం దగ్గరే ఆపి, "మీరు మాట్లాడొద్దు. తుమ్మొద్దు" అన్నారు. రెండున్నర గంటలు నిలబడ్డాను. మర కుదిరిందని ఆయన చెప్పలేదు. చొక్కా విప్పి పిండుకుని మళ్ళీ తొడుక్కున్నారు. దాన్నిబట్టి తెలుసుకున్నాను.

ట్రిగ్గరు మూడు పౌన్ల బరువు మోయాలని పోటీ నిబంధన. ఆయన దగ్గర పౌన్ల తూకాలు లేవు. వీశె దానికి దగ్గరేనని, ఎదురు మిరపకాయల కొట్టు నుంచి వీశె రాయి తెచ్చి దారంతో ట్రిగ్గరుకి వేలాడదీశారు. రాయి వేలాడినంతసేపూ దిగకూడదు, పైన ఒక గుప్పెడు మిరపకాయలు పెడితే దిగాలి. అలా వచ్చేదాకా గీశారు.

"ఏం మేస్త్రీ, తుపాకి తూచి అమ్ముతున్నావా?" అని కొట్టాయన అడిగాడు.

"అవును. తొడిమలు తీసి అమ్ముతా, నీలాగా కలపను."

ఇంకా తొమ్మిది రోజులుందనగా రైఫిలు మట్టిగట్టు దగ్గరికి తీసుకెళ్ళాం. సభ్యులెవరూ రాని పనిదినం చూసుకుని, బడికి సెలవు పెట్టి ఆమె వచ్చారు. పట్టా పరుచుకున్నారు. రైఫిలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. పడుకోవడం లేదు. అటూ ఇటూ చూస్తున్నారు. మట్టిగట్టుకి దూరంగా ఎవరి కళ్ళంలోనో ఆడవాళ్ళు మిరపకాయలు ఏరుతున్నారు. వాళ్ళకి ఇక్కడ ఏం జరుగుతోందో కనిపించదు కూడా.

మేస్త్రీ గారికి అర్థమైంది. "పేపరు గారూ, ఇటు రండి. ఆ కళ్ళం వైపు చూద్దాం. ఏ రకం కాయో చెప్పండి" అన్నారు.

ఇద్దరం ఆమెకి వీపు పెట్టి నిలబడ్డాం. అరవై దాటిన మనిషి, నాలుగు నెలల పని మొదటిసారి పేలబోతుంటే అటు తిరిగి మిరపకాయలు చూస్తున్నారు. మొదటి చప్పుడుకి ఆయన భుజాలు కదిలాయి. తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టారు, పైకే. మధ్యలో వ్యవధి మొదట ఎక్కువగా ఉంది. అయిదు దాటాక ఒక చప్పుడుకీ ఇంకో చప్పుడుకీ మధ్య ఎడం సమానమైంది. పదోది అయ్యాక కూడా ఆయన తిరగలేదు.

"మేస్త్రీ గారూ" అని ఆమె పిలిచారు. "మెడ నొప్పి లేదండి."

కాగితం తేవడానికి నేను వెళ్ళాను. మేస్త్రీ గారు అక్కడే గట్టు మీద కూర్చుండిపోయారు.

ఇప్పుడు కింద కొట్టు మూసి ఉంది. పోలీసువాళ్ళు వచ్చి లోపలి తుపాకులు రాసుకుని, ఎవరివి వాళ్ళు తీసుకెళ్ళమని కబురంపారు. రైతులు ఒక్కొక్కరే వస్తున్నారు. గట్టు తగాదా రైతు కూడా వచ్చాడు. స్ప్రింగు కొత్తదే వేసి ఉందని చూపించి, "ఇది ఎప్పుడో వేశాడయ్యా ముసలాయన!" అన్నాడు. అన్నతో రాజీ అయిందా అని అడిగాను. అన్న పోయి ఏడాదైందన్నాడు. నేనిప్పుడు తొమ్మిది కొట్టగానే పని చేయలేకపోతున్నాను. చప్పుడు లేకపోతే వాక్యం ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. ఇంకో గది చూడమని మా ఏజెంటు అంటున్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అతనికి చెప్పలేదు.

టీచరు గారు ఖననానికి అందలేదు. మర్నాడు బస్సులో వచ్చి, మేస్త్రీ గారింట్లో ఆడవాళ్ళ దగ్గర గంటసేపు కూర్చుని, నాకు కనపడి వెళ్ళారు. జుట్టు నెరిసింది. ఎంపిక విషయం ఇద్దరం ఎత్తలేదు.

అది జరిగింది ఇలా. ఆ రోజు ఫలితం కోసం నేను ట్రంకు కాల్ బుక్ చేశాను. మేస్త్రీ గారు కొట్టు తీయకుండా నా గదిలో ఫోను పక్కన కూర్చున్నారు. నేను ఎన్నిసార్లు కుర్చీ చూపించినా స్టూలే చాలన్నారు. నాలుగింటికి కాల్ కలిసింది. హైదరాబాదులో మా విలేఖరి చెప్పాడు. ఆమెది మూడో స్థానం. ఒక్క పాయింటు తేడా. ఇద్దరినే తీసుకున్నారు.

చెప్పాను. మేస్త్రీ గారు, "తుపాకి ఎక్కడన్నా ఆగిందేమో అడగండి" అన్నారు. అడిగాను. ఆగలేదన్నాడు. ఆయన లేచి మెట్లు దిగి వెళ్ళారు. సాయంత్రం దాకా ఆకురాయి చప్పుడు వినిపించలేదు.

నాలుగో రోజు ఆమె నేరుగా స్టేషను నుంచి కొట్టుకి వచ్చారు, భుజాన రైఫిలు సంచితో. చివరి పది గుండ్ల కాగితం బతిమాలి తెచ్చుకున్నారట. మడత విప్పి ఆయనకిచ్చారు. నడుమ నల్లటి వలయంలో తొమ్మిది గుండ్లు ఒకదాని మీద ఒకటి పడి ఒకే కన్నమైంది. మిగిలిన ఒక్కటి కాస్త పక్కన, విడిగా ఉంది.

"ఏడో గుండప్పుడు వెనక ఎవరో అన్నారండి" అని చెప్పారు. "నా చేతి గురించి, ఆ మాటే. పక్కవాళ్ళు నవ్వారు. నొక్కేశాను."

"ఆ తర్వాత మూడూ?"

"లోపలే పడ్డాయి."

"ఏ చేత్తో కొట్టారు?"

"దీంతోనే" అని ఎడమ చెయ్యి చూపించారు. కొంగులోకి పోలేదు ఆ చెయ్యి.

అంత సన్నటి తేడా మేస్త్రీ గారి కంటికంటే వేలికే బాగా తెలిసేది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, కాగితం మోకాలి మీద పరుచుకుని, చూపుడు వేలు ఆ పెద్ద కన్నం అంచు మీద ఉంచారు. అంచు చుట్టూ ఒకసారి తిప్పారు. అక్కణ్ణించి వేలు నెమ్మదిగా జరిపి విడిగా ఉన్న చిన్న కన్నం దగ్గరికి తెచ్చారు. రెంటి మధ్యా ఉన్న కాగితం గోరంత. వేలు వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ఇటు వచ్చింది. మేమిద్దరం నిలబడి చూస్తున్నాం. ఆయన తల ఎత్తలేదు. వేలు ఆ గోరంత దూరం వెళ్తూ ఉంది, వస్తూ ఉంది.